జీన్‌కి స్విచ్ ఎక్కడుంటుంది?

కిందటి సెమిస్టర్ పేపర్లు దిద్దుతుంటే ఒక వాక్యం దగ్గర పెన్ను ఆగింది. "జీన్ సైలెన్సింగ్ అనగా జన్యువును స్విచ్ ఆఫ్ చేయుట." మొదటి పేపర్లో చూసినప్పుడు ఏమీ అనిపించలేదు. పదో పేపర్లోనూ అదే వాక్యం, చివర అదే 'చేయుట'. ముప్పయ్యో పేపరుకి వచ్చేసరికి పిల్లలంతా ఒకే గైడు కొన్నారేమో అనుకున్నాను. అనుమానం వచ్చి నా పాత నోట్సు తీసి చూస్తే, ఆ వాక్యం నాదే. నాలుగేళ్ల కిందట బోర్డు మీద రాసింది, జిరాక్సు మీద జిరాక్సుగా ఇప్పటికీ తిరుగుతోంది. మార్కులు వేశాను. వేయక చస్తానా, చెప్పింది నేనే కదా.

ఆ మాట సరైంది కాదని తెలియక చెప్పలేదు. టీచింగ్‌లోకి రాకముందు దాదాపు రెండేళ్లు నా పనే అది: ఒక జన్యువు నోరు ఎప్పుడు మూతపడుతుందో, ఎప్పుడు తెరుచుకుంటుందో ప్లేట్ల మీద కాలనీలు (ఒక్క కణం నుంచి పెరిగిన కణాల గుంపులు) లెక్కపెట్టి చూడటం. అయినా గంట కొట్టేలోపు యూనిట్ అయిపోవాలి కాబట్టి స్విచ్ అనేశాను. అందరూ అనేదీ అదే.

ఈ మాటతో వచ్చే చిక్కు క్లాసులో ఆగదు. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఈ మధ్య ఒక వీడియో తిరిగింది. ఫలానా ఆకు కషాయం ఇరవయ్యొక్క రోజులు పరగడుపున తాగితే "షుగర్ జీన్ ఆఫ్" అయిపోతుందట. కింద మా పిన్ని నన్ను ట్యాగ్ చేసి, "నువ్వు చదివింది ఇదే కదే, నిజమేనా?" అని అడిగింది. కాదని చెప్పడానికి ఒక్క ముక్క చాలు. ఎందుకు కాదో చెబుదామని కూర్చుని మూడుసార్లు టైప్ చేసి మూడుసార్లూ చెరిపేశాను. స్విచ్ ఉందని మనమే ఊరంతా చాటాక, దాన్ని నొక్కిపెడతానని డబ్బులు గుంజేవాడు రాకుండా ఉంటాడా? పిన్నికి పంపలేకపోయిన జవాబే ఇది అనుకోండి. కాస్త పొడుగైంది.

నేను పనిచేసింది ఉత్తరాదిలో ఒక ల్యాబులో, ఒక రకం ఈస్ట్ మీద. బేకరీలో వాడే ఈస్ట్ వేరు. దీన్ని ఫిషన్ ఈస్ట్ అంటారు, శాస్త్రీయనామంలో రెండో ముక్క 'పోంబె'. స్వాహిలీలో పోంబె అంటే బీరు. తూర్పు ఆఫ్రికా చిరుధాన్యాల బీరులో 1893లో పాల్ లిండ్నర్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని గుర్తించి, ఆ పేరే పెట్టేశాడు. ఇంట్లో ఏం చదువుతున్నావని అడిగితే "ఈస్ట్" అనేదాన్ని కానీ ఈ బీరు సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

ఈ ఈస్ట్‌లో డీఎన్‌ఏ అక్షరాల్లో ఒకటైన ఎడినిన్ తయారీకి కావలసిన ఒక జన్యువు ఉంది, పేరు ఏడీఈ6. అది పనిచేస్తే కాలనీ తెల్లగా ఉంటుంది. పనిచేయకపోతే తయారీ మధ్యలో ఆగి, ఆ సగం సరుకు కణంలో పేరుకుపోయి ఎర్రబడుతుంది. ఇప్పుడు ఇదే జన్యువును దాని చోటు నుంచి తీసి, క్రోమోజోము నడుము దగ్గర, అంటే సెంట్రోమియర్ అంచుల్లో పెట్టారనుకోండి. జన్యువులో ఒక్క అక్షరం మారలేదు. అయినా దాని నోరు మూతపడుతుంది. కాలనీ ఎర్రగా వస్తుంది. మా భాషలో ఎరుపంటే నిశ్శబ్దం, తెలుపంటే మాట.

ప్లేట్లని 32 డిగ్రీల దగ్గర నాలుగు రోజులు పెంచి, ఆపైన రెండు రోజులు ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లం. చల్లదనానికి ఎరుపు ముదిరి ఇటుకరంగుకి తిరిగేది. అప్పుడు టేబుల్ లైటు కింద పెట్టుకుని ఒక్కొక్క కాలనీనీ చూడాలి. ఆవగింజంత చుక్కలు. కొన్ని నిండా ఎరుపు. కొన్ని గులాబీ. కొన్నిట్లో, ఎర్రటి గుండ్రంలోంచి పుచ్చకాయ ముక్క కోసి తీసినట్టు, మధ్య నుంచి అంచుదాకా ఒక తెల్లటి చీలిక. ఆ చీలిక కొన దగ్గర ఎప్పుడో ఒక కణం నోరు తెరిచింది. దాని పిల్లలూ మనవలూ అందరూ మాట్లాడేవాళ్లే అయ్యారు. పక్కనున్న ఎర్ర కణాలకీ వీటికీ డీఎన్‌ఏ ఒకటే, తిండి ఒకటే, ప్లేటు ఒకటే. మొదటిసారి ఆ చీలిక చూసినప్పుడే నాకు స్విచ్ మీద నమ్మకం పోయింది. గోడ మీద స్విచ్ దానంతటదే జారి ఆన్ అయిపోతుంటే మనం దాన్ని స్విచ్ అనం, ఎలక్ట్రీషియన్ని పిలుస్తాం.

(మొదటి నెలలో నా ప్లేట్లన్నీ మల్లెపూల్లా తెల్లగా వచ్చాయి. సైలెన్సింగ్ మొత్తం పోయిన ఈస్ట్ దొరికిందని పరుగెత్తుకుంటూ గైడ్ దగ్గరికి వెళ్లాను. ఆయన ప్లేటు వైపు చూడనైనా చూడకుండా "ఎడినిన్ ఎంత వేశావమ్మా?" అన్నారు. తిండిలోనే ఎడినిన్ దండిగా ఉంటే కణం సొంత తయారీ తగ్గించేస్తుంది, ఎరుపు రాదు. నేను పోసింది ఆ మీడియమే. జన్యువు మూగగానే ఉంది. అది తెలిసే దారిని నేనే మూసేసుకున్నాను. వారం పని గంగలో కలిసింది. ల్యాబులో చాలా రోజులు నా పేరు "వైట్ మేడమ్".)

చోటు మారితే జన్యువు నోరు ఎందుకు మూతపడాలి? ఈ ప్రశ్న 1930 నాటిది. అమెరికాలో టెక్సాస్‌లో హెర్మన్ ముల్లర్ పండ్ల ఈగల మీద ఎక్స్‌రేలు వేస్తుంటే, కొన్నిటికి కళ్లు ఎరుపూ తెలుపూ మచ్చలుగా వచ్చాయి. కంటి ఎరుపుకి కారణమైన జన్యువు చెడిపోలేదు. క్రోమోజోము తెగి అతుక్కున్నప్పుడు అది వెళ్లి, ఎప్పుడూ గట్టిగా ముడుచుకుని ఉండే భాగం పక్కన పడింది. ఆ ముడుచుకోవడం పక్కకి పాకి దీన్నీ కప్పేసింది. కంటిలో కొన్ని కణాల్లో కప్పింది, కొన్నిట్లో కప్పలేదు. అందుకే మచ్చలు.

క్లాసులో దీన్ని చెప్పడానికి నాకు దొరికిన మంచి పోలిక 22-ఏ. మన దగ్గర పొలం కొన్నవాళ్లకీ అమ్మబోయినవాళ్లకీ చెప్పక్కర్లేదు. రిజిస్ట్రేషన్ చట్టంలో ఆ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో పడిన భూమి ఎక్కడికీ పోదు. దస్తావేజులు బీరువాలో భద్రంగానే ఉంటాయి. గట్లు మారవు. కానీ కాగితం తీసుకుని వెళితే రిజిస్ట్రేషన్ అవదు. పక్కన చెరువు పోరంబోకు ఉంటే, ఆ సర్వే నంబరుతో పాటు పట్టా భూమి కూడా జాబితాలోకి వెళ్లిపోయిన కథలు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. ముల్లర్ ఈగ కంట్లో జరిగిందీ అదే. భూమి బాగానే ఉంది, పొరుగు మంచిది కాదు.

ఇంతకీ ఆ జాబితా ఎక్కడ రాసి ఉంటుంది? డీఎన్‌ఏ మీద కొంత. కానీ పోంబె ఈస్ట్‌లో ముఖ్యంగా డీఎన్‌ఏని చుట్టిపెట్టిన ప్రోటీన్ల మీద. మనిషి కణం ఒక్కోదాంట్లో దాదాపు రెండు మీటర్ల డీఎన్‌ఏ ఉంటుంది, అది ఉండాల్సిన గది మిల్లీమీటరులో నూరో వంతు కూడా ఉండదు. కాబట్టి కండెకి నూలు చుట్టినట్టు చుట్టాలి. ఎనిమిది హిస్టోన్ ప్రోటీన్లు కలిసి ఒక కండె. ఒక్కో కండె చుట్టూ 147 జతల డీఎన్‌ఏ అక్షరాలు, రెండు చుట్లకి కాస్త తక్కువ. మగ్గం మీది కండెకీ దీనికీ ఒక తేడా ఉంది. ఈ కండెలకి తోకలుంటాయి. హిస్టోన్ల కొనలు చుట్టు దాటి బయటికి వేలాడుతుంటాయి. రాతలన్నీ ఆ తోకల మీదే.

తోకలో లైసిన్ అనే అమైనో ఆమ్లాలకి ధనావేశం ఉంటుంది, డీఎన్‌ఏకి రుణావేశం. అందుకే అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. లైసిన్‌కి ఎసిటైల్ అనే చిన్న రసాయన ముక్క తగిలిస్తే ఆ ధనావేశం పోతుంది, పట్టు సడలుతుంది, జన్యువు చదవడానికి వీలవుతుంది. ఇది 1964లోనే విన్సెంట్ ఆల్‌ఫ్రీ చెప్పాడు. చాలామంది చాలా ఏళ్లు పెద్దగా పట్టించుకోలేదు. మిథైల్ అనే ఇంకో ముక్క కథ మరీ చిత్రం. అది పట్టుని నేరుగా బిగించదు, సడలించదు. ఒక గుర్తులా నిలబడుతుంది, అంతే. ఆ గుర్తుని చూసి వేరే ప్రోటీన్ వచ్చి కూర్చుంటుంది. మూడో నంబరు హిస్టోన్ తోకలో తొమ్మిదో లైసిన్ మీద మిథైల్ వేసే ఎంజైమును 2000లో వియన్నాలో థామస్ జెనువైన్ బృందం పట్టుకుంది. ఆ ఎంజైముకి దారి చూపింది మళ్లీ ఈగలే. ఏ జన్యువు చెడితే మచ్చల కళ్లు తిరిగి ఎర్రబడుతున్నాయో వెతుకుతూ పోతే దొరికిన కుటుంబం అది. మా ఈస్ట్‌లో ఆ ఎంజైము పేరు సీఎల్ఆర్4. అది రాస్తే, ఎస్‌డబ్ల్యూఐ6 అనే ప్రోటీన్ వచ్చి ఆ గుర్తుల మీద తిష్ఠ వేస్తుంది.

సరే, జాబితా దొరికింది, రాసే గుమాస్తా దొరికాడు. ఏ సర్వే నంబరు రాయాలో గుమాస్తాకి ఎవరు చెబుతున్నారు? సీఎల్ఆర్4 తనంతట తాను డీఎన్‌ఏ అక్షరాలు చదవలేదు. ఇక్కడే కథలోకి చిన్న ఆర్‌ఎన్‌ఏలు వస్తాయి. ఆర్‌ఎన్‌ఏ అంటే డీఎన్‌ఏ నుంచి తీసే నకలు; జన్యువు మాట్లాడటమంటే అదే. ఈ చిన్నవి వచ్చింది ఇంకో ఊరి నుంచి, అసలు సంబంధం లేని తోటల్లోంచి.

1990లో కాలిఫోర్నియాలో రిచర్డ్ జోర్గెన్‌సన్ బృందం పెటూనియా పూలకి ఊదారంగు ఇంకాస్త చిక్కబరుద్దామని, రంగు తయారుచేసే జన్యువు నకలు ఒకటి అదనంగా పెట్టింది. పూలు తెల్లగా వచ్చాయి. కొన్ని చారలతో వచ్చాయి. పెట్టిన జన్యువే కాదు, మొక్కకి మొదటి నుంచీ ఉన్న సొంత జన్యువు కూడా మూగబోయింది. ఆ తర్వాత 1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో నులిపురుగులాంటి ఓ చిన్న పురుగులో దీని గుట్టు చూపించారు. ఒంటి పేట ఆర్‌ఎన్‌ఏ ఎక్కిస్తే పెద్దగా ఏమీ కాలేదు. రెండు పేటలదైతే, కణానికి కొద్ది అణువులు చేరినా దానికి సరిపోయే జన్యువు మాట పడిపోయింది, పురుగు గిలగిల్లాడింది. 2006లో నోబెల్ వచ్చింది. రెండు పేటల ఆర్‌ఎన్‌ఏని డైసర్ అనే ఎంజైము ఇరవై పైచిలుకు అక్షరాల ముక్కలుగా తరుగుతుంది. ఆ ముక్కని ఆర్గొనాట్ అనే ప్రోటీన్ పట్టుకుని, దానికి సరిపోలే ఆర్‌ఎన్‌ఏ ఎక్కడుందా అని వెతుకుతుంది. ఆ ప్రోటీన్ జన్యువు చెడిన ఆవాల జాతి మొక్క ఆకులు చిన్న ఆక్టోపస్‌లా కనబడ్డాయట, అందుకని ఆర్గొనాటా అనే సముద్రజీవి పేరు పెట్టారు. కణం సొంతంగా తయారుచేసుకునే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు వేరే సంగతి. వాటికి విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకి 2024లో నోబెల్ వచ్చినప్పుడు మన పత్రికలన్నీ రాశాయి. అన్నిట్లోనూ స్విచ్ బొమ్మే.

2002 దాకా ఈ రెండు కథలూ చాలావరకు రెండు గదుల్లో నడిచాయి. క్రోమోజోము ముడుచుకోవడం గురించి చదివేవాళ్లు ఒకవైపు, చిన్న ఆర్‌ఎన్‌ఏల వాళ్లు మరోవైపు. ఆ ఏడాది అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో శివ్ గ్రేవాల్, రాబ్ మార్టియన్సెన్ బృందాలు పోంబె ఈస్ట్‌లో డైసర్‌నీ ఆర్గొనాట్‌నీ ఒక్కొక్కటిగా తీసేసి చూశాయి. సెంట్రోమియర్ అంచుల్లో మళ్లీ మళ్లీ వచ్చే అక్షరాల వరసలుంటాయి. మూగగా ఉండాల్సిన ఆ వరసల్లోంచి ఆర్‌ఎన్‌ఏ పొంగుకొచ్చింది. వాటి మీద ఉండాల్సిన మిథైల్ గుర్తులు పోయాయి. ఆర్‌ఎన్‌ఏ తరిగే కత్తిని తీసేస్తే, హిస్టోన్ తోక మీది రాత చెరిగిపోయింది! గుమాస్తాకి సర్వే నంబరు అందిస్తున్నది ఆ చిన్న ముక్కలే అన్నమాట. ఆ సంవత్సరం సైన్స్ పత్రిక ఏడాది మొత్తానికి పెద్ద ఆవిష్కరణగా చిన్న ఆర్‌ఎన్‌ఏలనే ఎంచుకుంది.

ఇప్పుడొక మెలిక. చిన్న ముక్కలు రావాలంటే తరగడానికి ఒక పెద్ద ఆర్‌ఎన్‌ఏ ఉండాలి. అది ఎక్కడి నుంచి వస్తుంది? ఆ మూగ భాగం నుంచే. అంటే దాని నోరు మూయించాలంటే ముందు దాన్ని మాట్లాడనివ్వాలి. కణం విభజన చెందే సమయంలో ఎస్‌డబ్ల్యూఐ6 చాలావరకు జారిపోతుంది, ముడుచుకున్నది వదులవుతుంది. ఆ తర్వాత డీఎన్‌ఏకి నకలు తీసే దశలో ఆ వరసలు కాసేపు గొంతు విప్పుతాయి. ఆ మాటనే పట్టుకుని, రెండు పేటలు చేసి, డైసర్ తరిగి, ఆర్గొనాట్ కి అందిస్తే, అది తిరిగి వచ్చి డీఎన్‌ఏ నుంచి ఇంకా ఊడిరాని ఆ ఆర్‌ఎన్‌ఏనే పట్టుకుని సీఎల్ఆర్4ని పిలుస్తుంది. మళ్లీ గుర్తులు, మళ్లీ ముడుచుకోవడం. ప్రతి విభజనకీ ఇదే తంతు. పోంబె కణం దాదాపు మూడు గంటలకోసారి రెండవుతుంది. నేను ఫ్రిజ్‌లోంచి తీసి చూసే ఒక్క ఎర్ర కాలనీ వెనక ఈ తంతు లక్షల సార్లు జరిగి ఉంటుంది. ఎక్కడో ఒక్కసారి తప్పితే, తెల్ల చీలిక. దీన్ని పట్టుకుని 'ఆఫ్' అనడమంటే, తెల్లవార్లూ ఏడ్చే పసిపిల్లాణ్ణి భుజాన వేసుకుని తిరిగిన తల్లిని చూసి "మీవాడు ఎంత బుద్ధిగా పడుకున్నాడో" అన్నట్టుంటుంది.

దీనికి ఎదురు వాదన ఉంది, చిన్నది కూడా కాదు. నాతో పాటు పనిచేసిన స్నేహితురాలు ఇప్పుడు జర్మనీలో ఇదే రంగంలో ఉంది. ఫోన్లో నా స్విచ్ గోల విని, "ప్రతిసారీ కొత్తగా రాయక్కర్లేదే, పాత రాతే కొత్తదాన్ని రాయిస్తుంది" అంది. నిజమే. డీఎన్‌ఏ నకలైనప్పుడు పాత హిస్టోన్లు రెండు పోగులకీ పంపకమవుతాయి. మిగతా ఖాళీల్లో కొత్తవి చేరతాయి. అంటే సగం గుర్తులు మిగులుతాయి. సీఎల్ఆర్4కి గుర్తు రాసే చెయ్యే కాదు, చూసే కన్ను కూడా ఉంది. పక్క కండె మీద గుర్తు కనబడితే కొత్త కండె మీద అదే వేస్తుంది. మా అమ్మ వాకిట్లో ముగ్గు ఇలాగే వేసేది. రాత్రి వాన పడి సగం చెరిగినా, మిగిలిన చుక్కలూ గీతలూ చూసి తక్కిన సగం పూర్తిచేసేది. కొత్తగా ఆలోచించే పనే లేదు.

మరి ఆర్‌ఎన్‌ఏ సాయం లేకుండా, ముగ్గుని చూసి ముగ్గు వేయడం ఒక్కటే సరిపోతుందా? దీన్నే 2015లో రెండు బృందాలు విడివిడిగా పరీక్షించాయి. ఒకటి హార్వర్డ్‌లో డానేష్ మొయజెడ్ దగ్గర కౌశిక్ రఘునాథన్ వాళ్లది, రెండోది ఎడిన్‌బరోలో రాబిన్ ఆల్‌షైర్‌ది. మామూలుగా నోరు మూతపడని చోట సీఎల్ఆర్4ని బలవంతాన తెచ్చి కట్టేశారు. గుర్తులు పడ్డాయి, జన్యువు మూగబోయింది. తర్వాత టెట్రాసైక్లిన్ మందు వేసి ఆ కట్టు విప్పేశారు. గుమాస్తా పోయాడు. రాత నిలిచిందా? కొద్ది తరాల్లోనే పోయింది. కాలనీలు తెల్లబడ్డాయి. కానీ ఈపీఈ1 అనే మరో ప్రోటీన్‌ని ముందే తీసేసిన కణాల్లో మాత్రం, గుమాస్తా లేకపోయినా రాత పదుల తరాలు నిలిచింది. ఎర్రగానే ఉన్నాయి. ఈపీఈ1 పని గుర్తులు నిలవనివ్వకపోవడం. అంటే కణం ముగ్గు వేసేవాళ్లనీ పెట్టుకుంది, చీపురు పట్టినవాళ్లనీ పెట్టుకుంది. ఇద్దరికీ జీతం తనదే. దీన్ని చదివిన రోజు స్నేహితురాలికి సగం, నాకు సగం అని ఒప్పుకున్నాను. గుర్తుకి సొంత జ్ఞాపకం ఉంది. ఆ జ్ఞాపకాన్ని కణం ఊరికే వదిలేయడం లేదు.

చీపురు ఎందుకు? లేకపోతే ముడుచుకోవడం పక్కకి పాకుతూ పోతుంది, పట్టా భూములన్నీ 22-ఏలో పడతాయి. బతకడానికి కావలసిన జన్యువులు కూడా మూగబోతాయి. అలాగని గుర్తులు మరీ పోతే, సెంట్రోమియర్ పట్టు తప్పి విభజనలో క్రోమోజోములు వెనకబడిపోతాయి. మైక్రోస్కోపులో చూస్తే రెండు కుప్పలూ అటూ ఇటూ వెళ్లిపోయాక మధ్యలో ఒక చుక్క ఒంటరిగా మిగిలి ఉంటుంది, తిరనాళ్లలో తప్పిపోయిన పిల్లాడిలా.

ఇదంతా ఈస్ట్ గొడవ, మనకేంటి అనుకునేవాళ్ల కోసం మిరప చేలోకి వెళదాం. మా మామయ్యగారిది పల్నాడు. మూడేళ్ల కిందట చేను మూడొంతులు బొబ్బర కొట్టింది. ఆకులు చిన్నవై, గిన్నెల్లా ముడుచుకుని, మొక్క గుబురై ఆగిపోయింది. పై ముడతా కింది ముడతా అయితే పురుగు మందుతో ఏదో ఒకటి చేయొచ్చు. ఇది తెల్లదోమ మోసుకొచ్చే జెమినీ వైరస్. "ఏమ్మా, ఈస్ట్ చదివావు కదా, దీనికేమైనా ఉందా?" అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు, నేను మాత్రం రాత్రంతా ఆలోచించాను. ఎందుకంటే ఆ ముడుచుకున్న ఆకులో జరుగుతున్నది సరిగ్గా నేను రెండేళ్లు చూసిన యుద్ధమే.

జెమినీ వైరస్ జన్యుపదార్థం చిన్న డీఎన్‌ఏ ఉంగరం, మూడు వేల అక్షరాలకి లోపే. మొక్క కణంలోకి రాగానే అది మొక్క హిస్టోన్లనే చుట్టుకుని, బుల్లి క్రోమోజోములా తయారై, ఇంటివాళ్లలో కలిసిపోతుంది. మొక్క ఊరుకోదు. వైరస్ మాటనే తరిగి చిన్న ఆర్‌ఎన్‌ఏలు చేసి, వాటి దారిన వైరస్ డీఎన్‌ఏ మీదా, అది చుట్టుకున్న హిస్టోన్ల మీదా మిథైల్ గుర్తులు వేయిస్తుంది. వైరస్‌నే నిషేధిత జాబితాలో పెట్టేస్తుంది. దానికి వైరస్ ఏం చేస్తుందంటే, తన ప్రోటీన్‌తో మొక్కలో మిథైల్ సరఫరా అయ్యే దారికే అడ్డుపడుతుంది. గుమాస్తాతో గొడవ లేదు, సిరాబుడ్డి లాగేసుకుంటుంది! మెక్సికోలో దొరికే ఒక జెమినీ వైరస్‌తో మిరప మొక్కల్లో చేసిన పనిలో, మొదట ముడుచుకున్న మొక్కలు కొన్ని ఆ తర్వాత ఆరోగ్యంగా కొత్త ఆకులు వేశాయి. ఆ ఆకుల్లో వైరస్ డీఎన్‌ఏ మీద మిథైల్ గుర్తులు ఎక్కువగా కనబడ్డాయి. ఇలా తేరుకోవడాన్ని పొగాకులో, వేరే రకం వైరస్‌తో, వింగార్డ్ అనే ఆయన 1928లోనే వర్ణించాడు. కారణం తేలడానికి డెబ్భై ఏళ్లు పట్టింది. మామయ్యగారి చేను మాత్రం తేరుకోలేదు. పీకేశారు. మొక్క గెలుస్తుందా వైరస్ గెలుస్తుందా అన్నది ఎవరు ముందు, ఎవరు ఎంత, ఎండ ఎంత అన్నవాటి మీద ఉంటుంది. స్విచ్ అయితే ఈ తేడాలేవీ ఉండకూడదు కదా.

జీవరాశి మొత్తంలో స్విచ్ అనే మాటకి కాస్త దగ్గరగా వచ్చేది ఏదని వెతికితే నాకు దొరికింది పిండినల్లి. బొప్పాయి మీదా పత్తి మీదా తెల్లటి పిండిలా పట్టేది. పిండినల్లి మగదానికి తండ్రి నుంచి వచ్చిన క్రోమోజోముల జట్టు జట్టంతా పిండదశలోనే ముడుచుకుపోతుంది. ఆడదానికి అలా కాదు. మగది బతికినంతకాలం తల్లి జట్టుతోనే బతుకుతుంది. పిల్లలకి ఇచ్చేదీ తల్లి జట్టునే, తండ్రిది వీర్యకణాల తయారీలో బయటికి పోతుంది. ఆస్తి మొత్తం నాయనమ్మ తరఫే. బెంగళూరులో శరత్ చంద్ర బృందం దీని మీద చాలాకాలం పనిచేసింది. ఇంతకన్నా గట్టి 'ఆఫ్' ఏముంటుంది అనుకుంటే, అక్కడా లొసుగే. మగ పిండినల్లి పేగులాంటి కొన్ని కణజాలాల్లో ఆ మూతపడిన జట్టు మళ్లీ విచ్చుకుంటుందని 1967లోనే ఉజి నూర్ చూపించాడు.

ఇక మందుల సంగతి. చిన్న ఆర్‌ఎన్‌ఏతో చేసిన మొదటి మందు పాటిసిరాన్ 2018లో అమెరికాలో ఆమోదం పొందింది. కొలెస్ట్రాల్‌కి ఇంక్లిసిరాన్ ఉంది. కాలేయంలో పీసీఎస్‌కే9 అనే జన్యువు పంపే కబురుని ఆర్గొనాట్ చేత కోయిస్తుంది, చెడు కొలెస్ట్రాల్ దాదాపు సగానికి తగ్గుతుంది. మొదటి సూది, మూడు నెలలకి రెండోది, ఆ తర్వాత ఆరు నెలలకొకటి. ఇది హిస్టోన్ మీద రాసే మందు కాదు. జన్యువు మాట్లాడుతూనే ఉంటుంది, ఆ కబురు బయటికి రాగానే తెగిపోతుంది. కోసే ముక్కలు కొన్ని నెలలు ఉంటాయి, మెల్లగా అరిగిపోతాయి, మళ్లీ సూది. లక్షల మంది గుండెకి మేలు చేయగల ఈ మందుని నేను తక్కువ చేయడం లేదు. వేల కోట్లు పోసి, ఏళ్ల తరబడి పరీక్షలు చేసి, ఒక్క జన్యువుకి గురిపెట్టి తయారుచేసిన మందుకే ఆరు నెలలకోసారి రావలసి వస్తోంది. పొయ్యి మీద మరిగిన ఆకు రసం, వేల జన్యువుల్లోంచి షుగర్ జన్యువుని వెతికి పట్టుకుని (అసలు షుగర్‌కి ఒక్క జన్యువంటూ లేదు), ఇరవయ్యొక్క రోజుల్లో దాన్ని శాశ్వతంగా ఆపేస్తుందా?

మా స్టాఫ్ రూములో ఒక సీనియర్ సార్ ఉన్నారు. "పదో తరగతి పిల్లాడికి స్విచ్ అనకపోతే ఏమంటావు? మిథైలేషన్ అంటావా?" అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. పరమాణువు అంటే చిన్న బంతి అని మొదలుపెట్టే కదా మనమందరం చదువుకున్నాం. కానీ బంతిని డిగ్రీకి వచ్చేసరికి ఎవరో ఒకరు చెరిపేస్తారు. స్విచ్‌ని ఎవరూ చెరపడం లేదు, నేను కూడా చెరపలేదు.

ఈ సెమిస్టర్ ఆ యూనిట్ మళ్లీ వచ్చినప్పుడు బోర్డు మీద ముగ్గు చుక్కలు పెట్టాను. సగం చెరిపి, ఒకమ్మాయిని పిలిచి పూర్తిచేయమన్నాను. చేసింది, నాకన్నా బాగా. వెనక బెంచీ నుంచి ఒకడు చెయ్యెత్తి, "మేడమ్, ఎగ్జామ్‌లో ముగ్గు రాయాలా, స్విచ్ రాయాలా?" అన్నాడు. రెండు మార్కుల ప్రశ్నకి స్విచ్, ఎనిమిది మార్కుల ప్రశ్నకి ముగ్గు అన్నాను. నోట్సులో రాసుకున్నారు.

పిన్నికి మాత్రం ఇదేదీ పంపలేదు. పాత ఫోనులో వెతికితే అప్పటి ప్లేటు ఫొటో ఒకటి దొరికింది, ఎర్ర చుక్కల మధ్య ఆ తెల్ల చీలికతో. అది పెట్టి, జన్యువు నోరు మూయడం ఇంత కష్టం పిన్నీ, మూసినా నిలవదు అని రాశాను. పది నిమిషాలకి జవాబొచ్చింది. "కుంకుమ చల్లినట్టు భలే ఉందే. ఇంతకీ కషాయం తాగాలా వద్దా?"

వద్దు, డాక్టరిచ్చిన మాత్ర మానకు అని పెట్టాను. బొటనవేలు బొమ్మ వచ్చింది.